ఖాళీ గొట్టంలో క్లోరిన్

నరసరావుపేటలోని ఒక ఎయిడెడ్ డిగ్రీ కళాశాల రసాయన శాస్త్ర విభాగంలో ఇద్దరు డాక్టరేట్లూ, ముగ్గురు ఎమ్మెస్సీలూ, ఒక పదో తరగతి ఫెయిలూ పనిచేస్తున్నారు. సోడియం ముక్క కోయవలసిన ఘడియ వచ్చినప్పుడు మొదటి అయిదుగురూ ఆరో మనిషి కోసం వరండాలోకి తొంగి చూస్తారు. ఆ ఆరో మనిషి షేక్ నాగూర్ వలి. హోదా ల్యాబ్ అటెండర్. సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు. పదో తరగతిలో ఆయన తప్పింది సామాన్య శాస్త్రమే. ఈ సంగతి ఆయన దాచడు. తప్పినవాడికే సైన్సు అప్పగించిన కళాశాల ధైర్యాన్ని మాత్రం అప్పుడప్పుడు మెచ్చుకుంటాడు.

ఆయన తండ్రి హబీబుల్లా, బజారులో కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసేవాడు. నాగూర్ వలి పుట్టిందీ పెరిగిందీ ఆ వాసనలోనే. ల్యాబ్‌లో చేరిన మొదటి రోజున సోడియం సీసా మూత తీసేసరికి గుప్పున కిరసనాయిలు కొట్టింది. సోడియానికి గాలి పడదు, నీరు అసలే పడదు. అందుకని దాన్ని కిరసనాయిలులో ముంచి ఉంచుతారు. నాగూర్ వలికి ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. ఆ చనువుతో కోయగా మిగిలిన ముక్కలను సింకులో వేసి కుళాయి తిప్పాడు. ఎడమ కనుబొమ సగం పోయింది. ఆ రోజు నుంచి సోడియానికీ ఆయనకూ మధ్య ఇచ్చిపుచ్చుకునే మర్యాద ఏర్పడింది.

పరీక్ష సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒక కర్బన పదార్థంలో నైట్రోజన్ ఉందా, గంధకం ఉందా, క్లోరిన్ ఉందా అని కనిపెట్టడం బీఎస్సీ విద్యార్థి విధి. చూడబోతే అన్నీ తెల్లటి పొడులే. వాటిలోని మూలకాలు కర్బనాన్ని పట్టుకుని లోపల కూర్చుంటాయి. ఊరికే పిలిస్తే పలకవు. అందుకే చిన్న గాజు గొట్టంలో శనగగింజంత సోడియం వేసి, పొడి కలిపి, గొట్టం అడుగు ఎర్రబడేదాకా కాల్చి, అలాగే పింగాణీ గిన్నెలోని నీళ్ళలో ముంచుతారు. గొట్టం టప్పున పగులుతుంది. ఆ నీళ్ళను మరిగించి వడకడితే వచ్చే తేటలో దాక్కున్నవన్నీ దిగి ఉంటాయి. ఒక మందు పోస్తే నీలం, ఇంకొకటి పోస్తే వంకాయ రంగు; సిల్వర్ నైట్రేట్ పోసినప్పుడు పాలు విరిగినట్టు తెల్లగా వస్తే క్లోరిన్. ఇదంతా పాఠంగా చెప్పడానికి డాక్టరేట్లకు నలభై నిమిషాలు పడుతుంది. నాగూర్ వలి వెర్షన్ పొట్టిది.

"లోపల దాక్కున్నోళ్ళు పిలిస్తే రారమ్మా. సోడియం పోయి జుట్టు పట్టుకొని లాక్కొస్తది. లాక్కొచ్చినాక ఎవరేందో మనం రంగుపోసి చూసుకోవాల. అంతే."

సెమిస్టర్ ప్రాక్టికల్ పరీక్షల్లో ఎవరికి ఏ పొడి వచ్చిందో ఎగ్జామినర్ కాక తెలిసేది ఆయనొక్కడికే. పొడులు సీసాల్లో నింపేది ఆయనే కదా. కొన్ని చోట్ల అటెండర్లు ఈ జ్ఞానాన్ని పిల్లలతో పంచుకుంటారని వినికిడి. నాగూర్ వలి దగ్గర ఆ పప్పులు ఉడకవు.

"వలీ అన్నా, నా సీసాలో ఏముందన్నా?" అని ఒక విద్యార్థి బతిమాలితే ఆయన సీసా ఎత్తి వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసి, "పొడి ఉందిరా," అని అక్కడ పెట్టేస్తాడు.

ఇక నీళ్ళ సంగతి. ఈ పరీక్షకు మామూలు నీళ్ళు పనికిరావు, డిస్టిల్డ్ వాటర్ కావాలి. కళాశాలలో ఆ నీరు తయారుచేసే యంత్రం ఒకటి ఉండేది. పల్నాడు నేల సున్నపురాయి నేల. ఆ నీళ్ళు తాగి తాగి యంత్రం లోపలి కాయిల్ మీద సున్నం వేలెడు మందాన పేరుకుని, ఒక వేసవిలో యంత్రం కన్నుమూసింది. కొత్తది కావాలన్న దరఖాస్తు ఆరేళ్ళుగా పైకి వెళ్తూనే ఉంది. ఈపాటికి చాలా పైకి వెళ్ళి ఉంటుంది.

ఉపాయం కనిపెట్టింది నాగూర్ వలే. ప్రిన్సిపాల్ త్రికోటేశ్వరరావు గారి గదికి ఏసీ ఉంది. దాని గొట్టంలోంచి కారేది గాలిలోని తేమ చల్లబడి దిగిన నీరు. అందులో సున్నం ఉండదు, ఉప్పు ఉండదు. నాగూర్ వలి ఆ గది వెనక ఇరవై లీటర్ల నీలం డబ్బా పెట్టాడు. దిగిన నీళ్ళను సిల్వర్ నైట్రేట్‌తో చూస్తే అద్దంలా నిలిచాయి. నాటి నుంచి ప్రిన్సిపాల్ గారు గదిలో ఎంతసేపు ఆలోచిస్తే రసాయన శాస్త్ర విభాగానికి అంత నీరు. తమ ఆలోచనల ఫలితం ఎక్కడికి చేరుతోందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మొన్న మార్చిలో మూడో సంవత్సరం ప్రాక్టికల్స్ వచ్చాయి. మొదటి బ్యాచ్ ఇరవై రెండు మంది. ముందు రోజు సాయంత్రం నాగూర్ వలి నాలుగు రకాల పొడులు సీసాల్లో సర్దుతూ, స్వీపర్ నాగేంద్రమ్మకు ఒక మాట చెప్పాడు.

"నాగేంద్రమ్మా, పొద్దున్నే ఆ ఏసీ కింద డబ్బా ల్యాబ్‌లో పెట్టించు."

"పెడతాలే అన్నయ్యా," అంది నాగేంద్రమ్మ.

పొద్దున డబ్బా ల్యాబ్‌లో ఉంది. మెడ దాకా నిండుగా ఉంది. ప్రిన్సిపాల్ గారు వారం రోజులుగా అమ్మాయి పెళ్ళి పనుల మీద సెలవులో ఉన్న సంగతి ఆ క్షణంలో నాగూర్ వలికి తట్టి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. మామూలుగా అయితే ఆయన ప్రతి బ్యాచ్‌కూ ముందు ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి నీళ్ళను చూస్తాడు. ఆ రోజు పక్క జిల్లా నుంచి రావలసిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రాజీవ్ గారు అరగంట ముందే వచ్చారు. ఎక్స్‌టర్నల్ ముందే రావడం ఆ విభాగం చరిత్రలో లేదు. టీ తేవాలి, కుర్చీ తుడవాలి, ఫ్యాను తిరిగే చోట కూర్చోబెట్టాలి. ఆ హడావిడిలో ఆ ఒక్క చుక్కా తప్పింది.

పదిన్నరకు గొట్టాలు టప్పుటప్పున పగిలాయి. పదకొండుంబావుకు సిల్వర్ నైట్రేట్ దాకా వచ్చారు. మొదటి బల్ల మీద లిఖిత అనే అమ్మాయి ట్యూబులో తెల్లగా వచ్చింది. రెండో బల్ల మీదా వచ్చింది. మూడో బల్ల, నాలుగో బల్ల. పావుగంటలో ల్యాబ్ అంతా పాలకేంద్రం లాగా తయారైంది. ఇరవై రెండు మంది విద్యార్థులూ ఎంతో సంతోషంగా 'క్లోరిన్ ఉన్నది' అని రాసుకున్నారు. అంతమందికి ఒకే జవాబు వస్తే అది తప్పయ్యే ప్రసక్తే లేదని వాళ్ళ నమ్మకం.

రాజీవ్ గారు వయసులో చిన్నవారు, పట్టుదలలో పెద్దవారు. జాబితా తీసి చూశారు. నాలుగు పొడుల్లో ఒక్కదానిలోనే క్లోరిన్ ఉండాలి.

"ఏమయ్యా, శాంపిల్స్ నింపింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఒకే చెంచాతో నాలుగూ నింపావా?"

"నాలుగు చెంచాలు సార్. దేనికి దానికి రంగు దారం కట్టి ఉంటది."

"దారాలు బాగానే కట్టి ఉంటావు. సీసాలన్నీ కలిసిపోయాయి. నేను రిపోర్టులో రాయక తప్పదు."

విభాగాధిపతి వాసంతి మేడం కుర్చీలోంచి లేచారు. "సార్, ఆయనది ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఒక్కసారీ సీసా మారలేదు."

"క్లోరిన్‌కి సర్వీసు తెలియదు మేడం," అన్నారు రాజీవ్ గారు.

రిపోర్టులో రాయడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. రెండేళ్ళ క్రితం భౌతిక శాస్త్రం అటెండర్ మీద ఒక ఎక్స్‌టర్నల్ ఒకటిన్నర వాక్యం రాశారు. ఆ అటెండర్ ఇప్పుడు సైకిల్ స్టాండులో టోకెన్లు ఇస్తున్నాడు. నాగూర్ వలికి సైకిళ్ళ మీద కోపం లేదు. కానీ ఆయన చేతులు ఒక్క పనికే అలవాటు పడ్డాయి. గొట్టం అడుగు ఏ ఎరుపుకొస్తే తీయాలో ఆయన కళ్ళకు తెలుసు. అది టోకెన్ల మీద ఉపయోగించే విద్య కాదు.

ఆయన బల్లల వెంట నడుస్తూ ట్యూబులు ఒక్కొక్కటే చూశాడు. నైట్రోజన్ రావలసిన వాళ్ళకు నీలం చక్కగా వచ్చింది. గంధకం రావలసిన వాళ్ళకు వంకాయ రంగు వచ్చింది. సీసాలు కలిసిపోతే అవీ కలిసిపోయి ఉండాలి కదా. అందరికీ ఉమ్మడిగా వచ్చింది తెలుపొక్కటే. మరి అందరూ ఉమ్మడిగా వాడింది ఏమిటి? మూలనున్న నీలం డబ్బా వైపు చూశాడు. మెడ దాకా నిండిన డబ్బా. అప్పుడు ప్రిన్సిపాల్ గారి సెలవు గుర్తొచ్చింది; వారం రోజులుగా ఏసీ వేసినవారే లేరు.

చిక్కేమిటంటే, డబ్బా కూడా ఆయనదే. తప్పు సీసాలది కాదని చూపించిన మరుక్షణం అది నీళ్ళదవుతుంది. నీళ్ళు చూసుకోవలసింది ఎవరయ్యా అంటే మళ్ళీ ఆయనే. నోరు మూసుకుని ఉన్నా సైకిల్ స్టాండే, తెరిచినా సైకిల్ స్టాండే. తేడా అల్లా ఇరవై రెండు మంది పిల్లల మార్కులు.

"సార్, ఒక్క ట్యూబుకి పర్మిషన్ ఇవ్వండి," అన్నాడు.

"ఏ సీసాలోంచి?"

"ఏ సీసా వొద్దు సార్. ఉత్తదే."

రాజీవ్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నాగూర్ వలి కొత్త గొట్టం తీశాడు. కిరసనాయిలులోంచి సోడియం తీసి, కాగితం మీద ఒత్తి, ఆవగింజకు పెద్ద, శనగగింజకు చిన్న ముక్క కోసి వేశాడు. పొడి వేయలేదు. కాల్చాడు. పూర్తిగా చల్లారాక రెండు చుక్కల స్పిరిట్ పోశాడు, మిగిలిన సోడియం కోపం తీరడానికి. బుడగలు ఆగాక డబ్బాలోని నీళ్ళు పోశాడు. మరిగించాడు, వడకట్టాడు, నైట్రిక్ యాసిడ్ వేసి మళ్ళీ మరిగించాడు. ఇరవై రెండు మంది బల్లలు వదిలి చుట్టూ మూగారు. ఇన్నేళ్ళలో ఆయన చేతిని ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. సిల్వర్ నైట్రేట్ చుక్క పడింది. తెల్లగా విరిగింది.

"ఏమీ లేనిదాంట్లో క్లోరిన్ ఉంది సార్," అన్నాడు నాగూర్ వలి వినయంగా.

"సోడియంలో ఉందేమో?"

ఆయన ఇంకొక ట్యూబులో వట్టి నీళ్ళు మాత్రం పోసి, అదే యాసిడ్, అదే చుక్క వేశాడు. మళ్ళీ తెల్లగా వచ్చింది. ఇక అడగడానికి ఎక్స్‌టర్నల్ దగ్గర ఏమీ మిగల్లేదు, ఒక్కటి తప్ప.

"ఈ నీళ్ళు ఎవరు నింపారు?"

"డబ్బా నాది సార్. పొయ్యకముందు చూసుకోవాల్సింది నేను. చూళ్ళా."

గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ నాగేంద్రమ్మ లోపలికి వచ్చేసింది.

"ఏంది అన్నయ్యా నువ్వు చూడకపోయేది? నింపింది నేను గదా సార్. డబ్బాలో అడుగున నాలుగు చెంబులే ఉండయ్. బయటూరి సార్లు వచ్చే రోజు వెలితి డబ్బా లోపలికి ఎట్టా తెస్తాం? ఎవురన్నా తెస్తారా? అందుకని అయిదింటికే లేచి మా బజారు మున్సిపాలిటీ పంపు కాడ లైన్లో నిలబడి పట్టుకొచ్చా."

"మున్సిపాలిటీ నీళ్ళా!" అన్నారు వాసంతి మేడం.

"మరి? బోరు నీళ్ళు పోస్తానా? పిల్లలకి పరీచ్చలాయె. మందేసిన నీళ్ళమ్మా, మంచియ్యి. నేను తాగేది కూడా అయ్యే."

మందు అంటే క్లోరిన్. ఆ ఊళ్ళో పెళ్ళికైనా పేరంటానికైనా వచ్చినవాళ్ళ ముందు సగం ఖాళీ పాత్ర పెట్టరు. నాగేంద్రమ్మ పుట్టిన దగ్గర్నుంచీ పాటిస్తున్న పద్ధతి అది. సెమిస్టర్ పరీక్షల నిబంధనావళిలో ఈ పద్ధతికి ఎక్కడా మినహాయింపు లేదు.

రాజీవ్ గారు గడియారం చూశారు. "మూడింటి లోపు సరైన నీళ్ళు తెస్తే పరీక్ష మళ్ళీ పెడతాను. లేకపోతే ఉన్నది ఉన్నట్టు రాసి వెళ్తాను."

నాగూర్ వలి బండి తీసి షౌకత్ బ్యాటరీ కొట్టుకు పరుగెత్తాడు. బ్యాటరీల్లో పోసే నీళ్ళు కూడా డిస్టిల్డ్ వాటరే, కనీసం డబ్బా మీద రాసిన ప్రకారం. ఆయన జేబులోంచి చిన్న సిల్వర్ నైట్రేట్ సీసా తీసి అక్కడే చుక్క వేశాడు. పలచని మజ్జిగ లాగా మసకబారింది.

"భాయ్, ఇందులో కూడా ఉప్పుంది."

షౌకత్ నొచ్చుకున్నాడు. "ఇన్నేళ్ళలో ఏ బ్యాటరీ అయినా వచ్చి నాకు కంప్లయింట్ ఇచ్చిందా భాయ్? నువ్వు పొద్దున్నే ఏమన్నా తిన్నావా లేదా?"

ల్యాబ్‌లో నీటి ఆవిరిని చల్లార్చే కండెన్సర్లు స్టాకు రిజిస్టరు ప్రకారం నాలుగున్నాయి. భౌతికంగా ఒకటుంది. అది కారుతుంది. ఇక మిగిలింది ఏసీ. ప్రిన్సిపాల్ గారికి వాసంతి మేడం ఫోన్ చేస్తే ఆయన పెళ్ళి బట్టలు వదిలి ఆఘమేఘాల మీద వచ్చారు. గది తాళం తీశారు. ఏసీ పద్దెనిమిది మీద పెట్టారు. ఇరవై నిమిషాలకు గొట్టంలోంచి ఆరు చుక్కలు పడ్డాయి. బయట మార్చి ఎండ. గాలి అప్పడంలా ఉంది. తేమ లేని గాలిని ఎంత చల్లబరిస్తే మాత్రం ఏం దిగుతుంది?

"తేమ మనమే తెద్దాం మేడం," అన్నాడు నాగూర్ వలి. "పిల్లలందర్నీ లోపల కూసోబెట్టండి. ఊపిరి వదిలితే చాలు."

ఆ విధంగా, వైవా పరీక్షను ప్రిన్సిపాల్ గదిలో నిర్వహించాలని తీర్మానమైంది. ఇరవై రెండు మంది విద్యార్థులు కుర్చీల్లో, బల్ల మీద, నేల మీద సర్దుకున్నారు. కిటికీలు బిగించారు. నాగేంద్రమ్మ ప్రాయశ్చిత్తంగా పావుగంటకోసారి తడిగుడ్డతో నేల తుడిచింది. ప్రిన్సిపాల్ గారు మఫ్లర్ చుట్టుకుని తన కుర్చీలోనే కూర్చున్నారు, అధికారం వదలకూడదు కనుక. అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పవద్దని, ఎంత తెలిస్తే అంతా చెప్పమని వాసంతి మేడం పిల్లలను హెచ్చరించారు. లిఖిత బెంజీన్ గురించి తొమ్మిది నిమిషాలు మాట్లాడింది. ఏమీ తెలియనివాళ్ళు కూడా నిట్టూర్పుల రూపంలో తమ వంతు సహాయం చేశారు.

బయట గోడ వెనక నాగూర్ వలి గాజు బీకరు పట్టుకుని గొంతుకూర్చున్నాడు. పన్నెండున్నరకు చుక్క చుక్కగా ఉన్నది ఒంటిగంటకు సన్నటి ధారైంది. రెండుంబావుకు రెండు లీటర్లు దాటాయి. ఆయన ట్యూబులో కొంచెం పట్టి, యాసిడ్ వేసి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి, ఎండకెత్తి చూశాడు. ట్యూబు వెనక గోడ మీది పగులు స్పష్టంగా కనిపించింది. ఇంకొక చుక్క వేశాడు. పగులు అలాగే కనిపించింది. అప్పుడు లేచాడు, మోకాళ్ళు రెండూ టక్కుమన్నాయి.

రెండున్నరకు పరీక్ష మళ్ళీ మొదలైంది. ఈసారి రాజీవ్ గారు ముందుగా ప్రతి విద్యార్థి చేతా వట్టి నీళ్ళకు చుక్క వేయించారు. తర్వాత సీసాలు. క్లోరిన్ రావలసిన అయిదుగురికి క్లోరిన్ వచ్చింది. మిగిలిన పదిహేడు ట్యూబులూ తేటగా నిలిచాయి. ఒక కుర్రాడు మాత్రం పొద్దున అందరికీ వచ్చింది తనకు ఇప్పుడెందుకు రాలేదని కాసేపు బాధపడ్డాడు.

సాయంత్రం రాజీవ్ గారు రిపోర్టు ముందు పెట్టుకుని నాగూర్ వలిని పిలిచారు. పిలుపు మారింది.

"నాగూర్ గారూ, వట్టి గొట్టంతో చూడాలని మీకెలా తోచింది?"

"తోచడమేముంది సార్. నేను చేరిన కొత్తల్లో కుళాయి నీళ్ళు పోసి ఇట్టాగే ఒక బ్యాచ్ మొత్తం చెడగొట్టా. అప్పుడున్న సారు నన్ను తిట్టకుండా వట్టి గొట్టంతో చేసి చూపించాడు. నాకు చెప్తే ఎక్కదు, చూపిస్తే పోదు."

"మరి ఇవాళ ఎందుకు చూసుకోలేదు?"

"మీరు ముందొచ్చారు గదా సార్," అన్నాడు నాగూర్ వలి. అని, అది సాకులా వినిపించిందేమోనని, "అయినా చూసుకోవాల్సిందే. అదీ రాయండి. నాగేంద్రమ్మ పేరు మాత్రం వొద్దు. డబ్బా నాది," అని చేర్చాడు.

రాజీవ్ గారు చాలాసేపు కలం తిప్పుకుంటూ కూర్చుని ఒకే వాక్యం రాశారు: నీటిలోని దోషం అటెండర్ అజాగ్రత్త వల్ల ప్రవేశించినది, అదే అటెండర్ చేత కనుగొనబడి, నిరూపించబడి, తొలగించబడినది.

మర్నాడు ఆ కాగితం ఆఫీసుకు చేరింది. ఆఫీసులో ప్రతికూల రిమార్కులకు ఎర్ర ఫైలు ఒకటి, ప్రశంసలకు ఆకుపచ్చ ఫైలు ఒకటి ఉన్నాయి. గుమాస్తా వాక్యం మొదటి సగం చదివి ఎర్ర ఫైలు తీశాడు. రెండో సగం చదివి మళ్ళీ పెట్టేశాడు. ప్రిన్సిపాల్ గారిని అడిగితే ఆయన తుమ్ములు ఆపుకుంటూ రెండుసార్లు చదివి, దీని మీద తగిన ఆలోచన చేయవలసి ఉందన్నారు. ఆలోచన ఇంకా జరుగుతోంది. రెండు రంగులకూ చెందని కాగితం ఇప్పటికీ ట్రేలోనే ఉంది. ఏ ఫైలులోనూ లేని రిమార్కు మీద ఎవరినీ ఎక్కడికీ బదిలీ చేయడానికి వీల్లేదని గుమాస్తా వాసంతి మేడంకు రూలు పుస్తకం తెరిచి చూపించాడు.

ఆ మాట చెబుదామని ఆవిడ ల్యాబ్‌కు వెళ్ళేసరికి నాగూర్ వలి రెండో బ్యాచ్‌కు గొట్టాలు ఆరబెడుతున్నాడు. విని తలాడించి, "సంతోషం మేడం. కొంచెం జరగండి, సోడియం కోస్తన్నా," అన్నాడు.